అరవై మందికి ఒకే తాత

చదవకుండా చదవడం ఎలాగో నేర్పే చోట ఉద్యోగం చేశాను నేను. అమీర్‌పేటలో జావా బోర్డుకీ ఒరాకిల్ బోర్డుకీ మధ్య ఇరుక్కున్న మెట్లెక్కితే రెండో అంతస్తులో ఉండేది మా ఇన్‌స్టిట్యూట్. కుర్రకారంతా సాఫ్ట్‌వేర్ కోర్సుల మీద పడి ఉన్న రోజులవి. మా సారు మాత్రం లా కాలేజీ ప్రవేశ పరీక్షకి ఇంగ్లిషు కోచింగ్ పెట్టాడు. ఎం.ఏ. పూర్తిచేసి, పంజగుట్ట హాస్టల్లో ఉంటూ పని వెతుక్కుంటున్న నన్ను వ్యాసాలు దిద్దడానికి తీసుకున్నాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ మెట్లు గుర్తొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పరీక్షలో ఇంగ్లిషుకి రెండు భాగాలు. ఒకటి, పాసేజ్ ఇచ్చి దాని మీద ప్రశ్నలడగడం. రెండోది వ్యాసం. రెండింటికీ మా సారు దగ్గర మందుంది. "పాసేజ్ చదవడానికి మనమేం లైబ్రరీలో కూర్చోలేదమ్మా. ముందు ప్రశ్నలు చూడండి. తర్వాత ప్రతి పేరాలో మొదటి వాక్యం, చివరి వాక్యం. మధ్యలోదంతా టైమ్ వేస్టు" అని స్టాప్‌వాచ్ పట్టుకుని చెప్పేవాడు. ఎవరైనా పెదాలు కదుపుతూ మొత్తం చదువుతుంటే వెనక నుంచి వచ్చి బల్ల మీద కొట్టేవాడు.

వ్యాసం సంగతి ఇంకా ఘోరం. అక్కడక్కడా ఖాళీలున్న ఐదు పేరాల కాగితం ఒకటి జిరాక్స్ తీయించి అందరికీ పంచేవాడు. విషయం ఏదైనా మొదలు అదే, ముగింపు అదే. సొంత అనుభవం రాస్తే మార్కులు ఎక్కువ పడతాయని ఎవరో చెప్పారట, ఆ సొంత అనుభవం కూడా ఆయనే తయారుచేసి పెట్టాడు! రైతైన తాతగారు ముసలితనంలో మామిడిమొక్క నాటి, దీని కాయలు నువ్వు తినాలిరా అన్నాడని. క్రమశిక్షణ మీద వ్యాసమా, తాతగారి మామిడిచెట్టు. టీవీ వల్ల లాభనష్టాలా, తాతగారి మామిడిచెట్టే. అరవై మంది పిల్లలు, ఒకే తాత. చెట్టు సరైన పేరాలో పడిందో లేదో చూసి టిక్కు పెట్టడం నా పని.

నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను? గంటలో నలభై కాగితాలు దిద్దాలంటే సారు చిట్కా నాకూ పనికొచ్చింది. పేరాకి మొదటి వాక్యం, చివరి వాక్యం చూసి ఎర్రపెన్నుతో గీకి పక్కన పడేసేదాన్ని.

ఆ బ్యాచ్‌లో సనత్‌నగర్ నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. తండ్రి అక్కడే ఒక వర్క్‌షాపులో పనిచేస్తాడు. చేరిన రోజు కూతురి వెంట వచ్చాడు. మాట్లాడినంతసేపూ కుడిచెయ్యి ప్యాంటు జేబులోంచి తీయలేదు. ఫారం మీద సంతకం పెట్టమంటే, "బిడ్డ పెడ్తది మేడమ్" అన్నాడు. ఎంత పొగరో అనుకున్నాను.

"జర మంచిగ చెప్పుండ్రి మేడమ్. వకీలు అయితనని మస్తు పట్టు మీదున్నది. ఈ ఒక్క ఏడే సూస్తం. రాకుంటే కంప్యూటర్ కోర్సు నేర్సుకొని నౌకరి సూస్కుంటనన్నది" అని చెప్పి వెళ్లాడు.

ఈ అమ్మాయి పాసేజ్‌ని మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివేది. సారు బల్ల పగలగొట్టినా మానేది కాదు. ఒకరోజు పిలిచి, ఏంటమ్మా నీ మొండితనం అని అడిగాను.

"నడుమల సదవకుంటే రాసినాయన దేని మీద కోపంగున్నడో ఎట్ల తెలుస్తది మేడమ్?" అంది.

రాసినాయన కోపంతో నీకేం పని అని ఆ పిల్ల మీద విసుక్కున్నాను.

తర్వాత ఒక నమూనా పరీక్షలో, పెద్దల మాట వినడం ఎప్పుడూ మంచిదేనా అని వ్యాసం ఇచ్చాం. ఈ అమ్మాయి మూడు పేజీలు రాసింది. మా నాన్న మాట వినే మనిషి అని మొదలుపెట్టి, నేను మాత్రం ఎందుకని అడుగుతాను అని ముగించింది. తాత లేడు, చెట్టు లేదు. అడ్డంగా ఎర్రగీత కొట్టి, పక్కన 'ఇది నీ కథ. ఎవరిక్కావాలి? ఫార్మాట్ రాయి' అని రాశాను.

మర్నాడు ఆ కాగితం పట్టుకొచ్చింది. "ఇది నిజంగ అయింది మేడమ్. నిజం రాస్తే మార్కులెయ్యరా?"

"నీకు సీటు కావాలా, నిజం కావాలా?" అన్నాను. ఆ తెలివైన మాట నాదే, సారుది కాదు.

"సీటే గావాలె మేడమ్" అంది. కాగితం నా బల్ల మీద వదిలేసి, ఖాళీల జిరాక్స్ తీసుకుని వెళ్లింది.

అసలు పరీక్షలో దిద్దేవాళ్లు గుడ్డివాళ్లా? వరసపెట్టి అందరి తాతలూ అదే మామిడిమొక్క నాటుతుంటే వాళ్లకి తెలియదా? మా పిల్లలందరికీ వ్యాసంలో సున్నా వేశారు. ఆ అమ్మాయి మార్కుల కాగితం తెచ్చి చూపించింది. పాసేజ్‌లలో దాదాపు నూటికి నూరు. వ్యాసం సున్నా. సీటు రాలేదు.

ఏడవలేదు. "సదువుట్ల మీ మాట ఇనలే మేడమ్. రాసుట్ల ఇన్న" అని మాత్రం అంది. మెట్లు దిగి ఒరాకిల్ బోర్డు కింద వరసలో నిలబడటం కిటికీలోంచి చూశాను.

వారం తిరక్కుండా మా సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. దాని మీద ఆ అమ్మాయి ఫోటో, పాసేజ్‌లలో వచ్చిన మార్కులు బారెడు అంకెల్లో, కింద 'మా టెక్నిక్ సాధించిన విజయం' అని! వ్యాసం ఊసే లేదు. పరుగున వెళ్లి సారుని నిలదీశాను.

"ఏంటి సార్ ఇది? ఆ పిల్ల మీ టెక్నిక్ ఒక్కరోజు కూడా వాడలేదు. మీ తాత వల్లే మునిగింది. తీయించండి."

"ఆ మార్కులు అబద్ధమా మేడమ్ గారూ?" అని నవ్వాడు. "జనం పెద్దక్షరాలే చూస్తారండీ. మధ్యలో ఏముందో ఎవడు చదువుతాడు?"

రేపటి నుంచి రానని చెప్పి, నా సామాను సర్దుకోవడానికి బల్ల దగ్గరికి వచ్చాను. సొరుగులో అడుగున ఆ అమ్మాయి వ్యాసం ఉంది. కూర్చుని మొదటి నుంచీ చదివాను. నడుమ భాగం చదవడం అదే మొదటిసారి. ఆమె ఇంగ్లిషుని నా మాటల్లో చెబుతున్నాను.

పని త్వరగా తెమలాలని యజమాని మిషన్‌కున్న రక్షణ తొడుగు తీసేయమన్నాడు. నాన్న తీసేశాడు. మూడో రోజు కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. తొడుగు తీసింది నువ్వే కదా అన్నాడు యజమాని. ఎందుకు తీశావని నేనడిగితే, పెద్దాయన చెప్పిండు గద బిడ్డా అన్నాడు నాన్న. అప్పటి నుంచి నలుగురిలోకి వెళితే ఆ చెయ్యి జేబులోనే ఉంటుంది. నేను వకీలు కావాలనుకున్నది ఆ రోజే.

ఆ వాక్యాల మీదుగా నా ఎర్రగీత ఉంది. పక్కన నా దస్తూరీలోనే ఉంది, 'ఇది నీ కథ. ఎవరిక్కావాలి?' అని.