పెద్దమ్మ పుల్పిట్ ఎక్కిన ఆదివారం

పోయిన ఆదివారం కెనడాలోని బ్రాంప్టన్‌లో, మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఒక అమ్మాయి బైబిలు వాక్యం చెప్పింది. ఎడ్మంటన్‌లో చదువుకుంటూ సెలవులకు వచ్చిన పిల్ల. జీన్స్ మీద చున్నీ వేసుకుని ప్రసంగించే పుల్పిట్ ఎక్కి, తెలుగూ ఇంగ్లీషూ కలిపి గలగలా చెప్పుకుపోయింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. వెనక వరసలో ఇద్దరు అంకుల్స్ ఎప్పటిలాగే కునుకు తీశారు. మగవాళ్ళ ప్రసంగాలకు దక్కే మర్యాదే ఈ పిల్లకీ దక్కిందని నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు తడిశాయి. పక్కనున్న నా కూతురు "మామ్, ఆర్ యూ ఓకే?" అంది. మా పెద్దమ్మ గుర్తొచ్చిందని దానికి ఒక్క మాటలో ఎలా చెప్పను?

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. గుంటూరు దగ్గర బళ్ళో టీచరుగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మ పోయాక ఇక్కడికొచ్చి నా దగ్గరే ఉండిపోయింది. అప్పటికే మా మామగారు కూడా మాతోనే ఉంటున్నారు. ఆయన రిటైరైన ఇంజనీరు, సంఘ పెద్ద. వాళ్ళిద్దరూ అన్నయ్యగారూ, చెల్లెమ్మా అని పిలుచుకుంటూ, పొద్దున్నే కాఫీ కప్పుల మధ్య బైబిలు పెట్టుకుని వాదించుకునేవాళ్ళు. వాదనలో పెద్దమ్మ గెలిచేది, ఆయన కాఫీ చల్లారిందని విసుక్కునేవారు. చలికాలం చర్చికి బయల్దేరితే ఆమె వేషం చూసి తీరాలి. నేతచీర కింద స్నో బూట్లు, కొంగు ముసుగు మీద ఉన్ని టోపీ.

మా సంఘాల్లో పాత పద్ధతి ఒకటుండేది. ఆడవాళ్ళు సాక్ష్యం చెప్పొచ్చు, వాక్యం చెప్పకూడదు. సాక్ష్యమంటే దేవుడు మనకు చేసిన మేలు చెప్పుకోవడం. దాన్ని కూర్చున్నచోటే లేచి నిలబడి చెప్పాలి. వాక్యమంటే బైబిలు విప్పి బోధించడం. అది పుల్పిట్ మీద మగవాళ్ళు చేసే పని. పెద్దమ్మ జీవితమంతా ఈ గోడలో సందు వెతుక్కుంటూ బతికింది. మొన్న నాకు జ్వరమొచ్చి తగ్గింది అంటూ సాక్ష్యం మొదలుపెట్టి, ఆ జ్వరాన్ని పట్టుకుని యేసు బాగుచేసిన పేతురు అత్తగారి జ్వరం దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి సువార్తంతా విడమర్చి చెప్పి కూర్చునేది. పాపం, సాక్ష్యం కోసం ఆమెకు రాని జబ్బు లేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఒకసారి నాతో అంది, ఏ జబ్బూ అడ్డం పెట్టుకోకుండా ఒక్కసారి ఆ పుల్పిట్ దగ్గర నిలబడి బైబిలు విప్పాలనుందని. ఆ కోరిక తీరకుండానే పోతానేమోనన్న బెంగ ఆమె గొంతులో వినబడింది.

ఏళ్ళ కిందట ఒక ఆదివారం మంచు విపరీతంగా కురిసింది. ఒక కెనడియన్ చర్చి వాళ్ళ హాలు మేం మధ్యాహ్నాలకు అద్దెకు తీసుకునేవాళ్ళం. మిస్సిసాగా నుంచి రావలసిన పాస్టరుగారు దారిలో, హైవే మీద ఇరుక్కుపోయారు. మిగతా పెద్దలెవరూ రాలేదు. మామగారికి లెక్కలొచ్చుగానీ ప్రసంగం రాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, మాకు ఇంకా బాగా తెలుసు. పాటలు అయిపోయాయి. కిటికీల బయట తెల్లగా, మెత్తగా, ఊరంతా ఎవరో దుప్పటి కప్పినట్టుంది. లోపల హీటరు వెచ్చదనానికి మనుషులందరూ సగం నిద్రలో ఉన్నారు.

"చెల్లెమ్మా, లేచి నీ సాక్ష్యం చెప్పు. ప్రార్థన చేసుకుని ఇళ్ళకెళ్ళిపోదాం" అన్నారు మామగారు.

పెద్దమ్మ లేచి ముసుగు సర్దుకుంది. "ఈ వారం నాకే జబ్బూ లేదండీ అన్నయ్యగారూ. వాక్యమైతే చెప్తాను. అక్కడ నిలబడి."

హాలంతా ఒక్కసారి మేలుకుంది. "నేనుండగా అది కుదరదమ్మా" అన్నారు మామగారు. అని, కోటు తొడుక్కుని, తలుపు పక్కనున్న మంచు పార అందుకుని బయటికి వెళ్ళిపోయారు. అది కోపమో, దారివ్వడమో నాకు అర్థం కాలేదు. పెద్దమ్మకు అర్థమైందేమో, బైబిలు తీసుకుని పుల్పిట్ మెట్లెక్కింది.

యేసు చెప్పిన పుల్లని పిండి ఉపమానం తీసుకుంది. ఒక ఆడమనిషి కాస్త పుల్లపిండిని బోలెడు పిండిలో దాచిపెడితే అంతా పొంగిన కథ. ఇక్కడి చలికి దోసెపిండి పులియక, ఓవెన్‌లో పెట్టి లైటు వేసి ఉంచుతామే, దాంతో మొదలుపెట్టింది. దేవుడు తన రాజ్యాన్ని వంటింట్లో ఆడదాని చేతిపనితో పోల్చాడంటే ఆ చేతుల్ని ఎంత దగ్గర్నుంచి చూసి ఉంటాడోనంది. "చలి ఎక్కువైతే పిండి ఆలస్యంగా పొంగుద్ది. పొంగలేదని పారబోయకండి" అంది. ఎంత మెల్లగా చెప్పిందంటే, నాకు అది ప్రసంగంలా కాక చిన్నప్పుడు ఆమె పక్కన పడుకుని విన్న కబుర్లలా ఉంది. కిటికీలోంచి చూశాను. మామగారు పార మీద గడ్డం ఆన్చి కిటికీ దగ్గరే నిలబడి ఉన్నారు. టోపీ మీద మంచు పేరుకుపోతున్నా దులుపుకోవడం లేదు.

ఆ సాయంత్రం భోజనాలయ్యాయి. కంచం కడిగి వచ్చాక మామగారు బైబిలు తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టారు. "చెల్లెమ్మా, అద్దాల్లోంచి సగమే వినబడింది. మిగతాది కూడా చెప్పమ్మా" అన్నారు. పెద్దమ్మ కళ్ళజోడు పెట్టుకుని మొదట్నుంచీ చెప్పింది. ఆయన తల వంచుకుని, బళ్ళో పిల్లవాడిలా విన్నారు. ఆ రాత్రి ఆమె ముఖం చూసి నాకు కలిగిన సంతోషం నా పెళ్ళిరోజున కూడా కలగలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు, ఆడవాళ్ళూ వాక్యం చెప్పొచ్చని మా సంఘం తీర్మానించింది. పెద్దల మీటింగులో పట్టుబట్టింది మామగారే. కానీ అప్పటికి పెద్దమ్మ లేదు. ఆమె పుల్పిట్ ఎక్కింది ఆ ఒక్కసారే. కాలం అన్నీ సరిచేస్తుందని అందరూ అంటారు. నిజమే, సరిచేస్తుంది. కానీ ఎవరు అడిగారో వాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగి సరిచేస్తుంది, అందుకే నాకు ఇప్పటికీ దాని మీద కోపం.