పడితే నేనే లేపుకోగల బండి కోసం మడ్జీ దాకా

నాకు కావలసింది చిన్న బండి అని ఇంట్లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టాక, ఒక శనివారం పొద్దున్నే మడ్జీకి బయలుదేరాం. మేం సిడ్నీలో వెస్ట్‌మీడ్ దగ్గర ఉంటాం. నేను ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తాను, మా ఆయన శ్రీధర్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ళ కిందట ఇద్దరం అడవి దారుల్లో డర్ట్ బైక్ నడపడం నేర్చుకున్నాం. నా కోసమని అతను ఏరికోరి తెచ్చింది అందరికీ తెలిసిన పెద్ద బ్రాండు ఫోర్-స్ట్రోక్. ఎత్తూ ఎక్కువే, బరువూ ఎక్కువే. పోయిన చలికాలంలో లిత్గో దగ్గర ఒక ఎండిన వాగులో అది నా కాలి మీద పడింది. కాలు ఎలాగో లాక్కున్నాను గానీ బండిని అంగుళం కూడా కదల్చలేకపోయాను. ముందు వెళ్ళిన శ్రీధర్ వెనక్కి వచ్చి లేపాడు. అప్పటినుంచి ప్రతి రైడ్‌లోనూ అతను నా వెనకే. మాతో వచ్చినవాళ్ళు ప్రతి మలుపులోనూ ఆగి మా కోసం ఎదురుచూస్తారు. ఎవరూ ఒక్క మాట అనరు, దాంతో చిరాకు ఇంకా పెరుగుతుంది. చివరికి ఒకరోజు శ్రీధర్, "పోనీ మానేయరాదూ లలితా? ఏజ్ కూడా వస్తోంది కదా," అన్నాడు. మానేయడమా, నేను లేపగలిగే బండి కొనుక్కోవడమా అన్నది ఈ ప్రయాణంతో తేలిపోవాలనుకున్నాను.

వెతగ్గా వెతగ్గా నాకు నచ్చింది రెండు వందల సీసీ టూ-స్ట్రోక్. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసుకోవాలి. సీటు ఎత్తు తక్కువ, బరువు మా బండి కన్నా చాలా తక్కువ. యూరప్‌లో ఏదో చిన్న ఫ్యాక్టరీ తయారీ. ఆ పేరు చెబితే మా గుంపులో కూడా ఎవరికీ తెలియలేదు. మడ్జీ అవతల ఒకతను పొలంలోనే షెడ్డు వేసి ఈ బళ్ళు అమ్ముతాడు, అక్కడే నడిపి చూడనిస్తాడు. వెస్ట్‌మీడ్ నుంచి సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు, ఆగకుండా వెళ్తే మూడున్నర గంటలు. పెట్రోల్ బంకులో డెబ్భై డాలర్లకి ట్రెయిలర్ అద్దెకి తీసుకున్నాం. కొనేదీ లేనిదీ తెలియకుండా ట్రెయిలర్ ఎందుకని అక్కడ శ్రీధర్‌తో ఒక వాదన. ఆరింటికి బయలుదేరవలసినవాళ్ళం ఏడింటికి ఎం4 హైవే ఎక్కాం.

కటూంబా దాటేసరికి పొగమంచు. మౌంట్ విక్టోరియా దిగేచోట రోడ్డు పనులని అరగంట ఆపేశారు. ఆ అరగంటా శ్రీధర్ తన స్నేహితుడు ప్రకాశ్‌తో ఫోన్ స్పీకర్‌లో పెట్టి మాట్లాడాడు. ప్రకాశ్ ఉండేది మెల్‌బోర్న్‌లో, క్రెయిగీబర్న్‌లో. డర్ట్ బైక్ వీడియోలు తెగ చూస్తాడు, బండి ఎక్కింది మాత్రం ఎప్పుడూ లేదు.

"ఆ బ్రాండ్ పేరే వినలే బ్రో. రీసేల్ ఏముంటది? స్పేర్స్ దొరకకపోతే గ్యారేజ్‌ల షోపీస్ అయితది."

"నేనూ అదే చెప్తున్నా," అన్నాడు శ్రీధర్.

"ప్రకాశ్, నువ్వెప్పుడైనా బండి కింద ఇరుక్కున్నావా?" అని అడిగాను.

"లేదు వదినా. బట్ రివ్యూస్‌ల ఏమంటున్నరంటే..."

అక్కడ సిగ్నల్ పోయింది. ఆ పొద్దున నాకు కలిసొచ్చింది అదొక్కటే.

లిత్గోలో బేకరీ దగ్గర ఆగి, లోపల కూర పెట్టి కాల్చిన పైలు వేడి వేడిగా తిని, కాసల్‌రే హైవే పట్టుకున్నాం. అక్కణ్ణుంచి దారి బాగుంటుంది, రద్దీ ఉండదు. మడ్జీ దగ్గర రెండు వైపులా ద్రాక్షతోటలు. ఊరు దాటాక ఇరవై నిమిషాలు కంకర రోడ్డు. ఫోన్ మ్యాప్ మమ్మల్ని ఎవరిదో గొర్రెల దొడ్డి ముందు నిలబెట్టింది. ట్రెయిలర్‌తో వెనక్కి తిప్పడం రాక శ్రీధర్, చేతులూపడం సరిగ్గా రాక నేను, ఇద్దరం కాసేపు అరుచుకున్నాం. షెడ్డు చేరేసరికి పదకొండున్నర.

షెడ్డు యజమాని పేరు గ్లెన్. ఎండకి కమిలిన మొహం, పెద్ద చేతులు. నేరుగా వెళ్ళి శ్రీధర్‌కి షేక్‌హ్యాండ్ ఇచ్చి, "ఏ బండి చూపించమంటావు, మేట్?" అన్నాడు. బండి నాకని శ్రీధర్ చెప్పాడు. "ఆవిడ ఎత్తెంత?" అని గ్లెన్ మళ్ళీ అతన్నే అడిగాడు.

"ఐదడుగుల రెండంగుళాలు," అన్నాను మధ్యలోకి వెళ్ళి నిలబడి. "నేను చూడ్డానికొచ్చింది టూ హండ్రెడ్."

"త్రీ హండ్రెడ్ తీసుకోండి. చిన్నది ఆర్నెల్లలో చాలదనిపిస్తుంది. ఆవిడ ఎదుగుతుంది కదా." ఆ చివరి మాట కూడా శ్రీధర్‌కే.

"నాకు నలభై రెండేళ్ళు. ఎదగడం ఎప్పుడో ఆగిపోయింది."

గ్లెన్ నవ్వాడు గానీ త్రీ హండ్రెడ్‌నే బయటికి తెచ్చాడు. ఇద్దరి బలవంతం మీద దాన్నొక చుట్టు తిప్పాను. యాక్సిలరేటర్ తిప్పితే చాలు, చేతులు ఊడొస్తాయేమో అనిపించింది. దిగి, టూ హండ్రెడ్ వైపు చూపించాను.

దాని మీద కూర్చోగానే రెండు పాదాల ముందు భాగాలూ నేలకి ఆనాయి. చిన్న మెట్ట ఎక్కి, యూకలిప్టస్ చెట్ల మధ్య తిరిగి, చెరువు గట్టు మీదికి వచ్చాను. అక్కడ తడి బంకమట్టి. ముందు చక్రం జారింది. బండి ఒక పక్కకి, నేనొక పక్కకి పడ్డాం. కంచె అవతలి నుంచి ఇద్దరూ పరుగెత్తుకు రావడం కనిపించింది.

"రావద్దు. శ్రీధర్, అక్కడే ఉండు," అని అరిచాను.

ఆగారు. హ్యాండిల్ పట్టుకుని, తుంటి సీటుకి ఆనించి తోశాను. బూట్లు జారి మోకాళ్ళ మీద పడ్డాను. శ్రీధర్ ఒక కాలు కంచె మీద వేసి ఉన్నాడు. అతను దాటేలోపు లేపాలని మళ్ళీ తోశాను. బండి లేచి నిలబడింది. మీట నొక్కితే స్టార్టయింది కూడా. కానీ క్లచ్ లివర్ సగానికి విరిగిపోయి ఉంది.

షెడ్డుకి నెట్టుకొచ్చాక శ్రీధర్ ముందు, "దెబ్బలేమైనా తగిలాయా?" అన్నాడు. లేదన్నాక, "చూశావా, ఇప్పుడీ లివర్ ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. ఒళ్ళు మండింది. కానీ ఆ ప్రశ్నలో తప్పేం లేదు. గ్లెన్ అలమరలో వెతికాడు, లేదు. తెప్పించడానికి మూడు వారాలు పడుతుందట.

"ఈ క్లచ్ కూడా ఆ ఫ్యాక్టరీదేనా?" అని అడిగాను.

గ్లెన్ మొదటిసారి నా వైపు తిరిగి సమాధానం చెప్పాడు. "కాదు. వాళ్ళు బయట కొంటారు. పెద్ద కంపెనీలూ అక్కడే కొంటాయి." అంటూనే ఏదో తట్టినట్టు ఆగి, ఇంకో పెద్ద బ్రాండు బండికి వాడే లివర్ ఒకటి తెచ్చి బిగించాడు. సరిపోయింది. క్లచ్, బ్రేకులు, చెయిన్ ఇలా ఎక్కడైనా దొరుకుతాయనీ, పిస్టన్, ఇంజిన్ అతుకుల్లో వేసే గాస్కెట్లు, ప్లాస్టిక్ భాగాలు మాత్రం తెప్పించుకోవలసిందేననీ దాపరికం లేకుండా చెప్పాడు. విరగ్గొట్టిన లివర్ డబ్బులు కూడా దాపరికం లేకుండానే అడిగాడు. బండి ధర అదే తరహా పెద్ద బ్రాండు కన్నా మూడు వేల డాలర్లు తక్కువ. కొనేశాను.

తిరుగు ప్రయాణంలో లిత్గో దాకా శ్రీధర్ అద్దంలో ట్రెయిలర్ మీది బండిని చూసుకుంటూ నడిపాడు. తర్వాత, "నువ్వు రావద్దన్నప్పుడు భయమేసింది," అన్నాడు. అతను భయపడుతున్నాడని నాకు ఎప్పటినుంచో తెలుసు. దానికి మందుగా అతను ఎంచుకునే పద్ధతులతోనే నా గొడవంతా.

ఆ తర్వాత ఒక గాస్కెట్ కోసం నెలపాటు బండి గ్యారేజ్‌లో మూలపడింది. ప్రకాశ్ ఫోన్ చేసి మరీ పరామర్శించాడు. చిన్న బ్రాండుతో ఆ తలనొప్పి నిజమే, లేదని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ పోయిన ఆదివారం అడవిలో శ్రీధర్ వేగంగా వెళ్ళేవాళ్ళతో కలిసి ముందుకు వెళ్ళిపోయాడు. వాళ్ళ బళ్ళ చప్పుడు దూరమైంది. ఒక రాళ్ళ మలుపులో నేను పడ్డాను, లేచాను, బండి లేపుకున్నాను, నీళ్ళు తాగి బయలుదేరాను. కలిసినప్పుడు అతను అడగలేదు, నేను చెప్పలేదు. రెండేళ్ళలో ఇంత మామూలుగా గడిచిన రైడ్ నాకు అదొక్కటే.

మీరూ బండి చూడ్డానికి వెళ్తుంటే, సీటు మీద కూర్చుని ఎత్తు చూసుకోవడంతో సరిపెట్టుకోవద్దు. దాన్ని నేల మీద పక్కకి పడుకోబెట్టి, ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వకుండా మీరే లేపి చూడండి. అమ్మేవాడు అందుకు ఒప్పుకోకపోతే ఖాళీ ట్రెయిలర్‌తోనే వెనక్కి వచ్చేయండి.