అనసూయమ్మ గారి వంటింటి జిడ్డు

మల్కాజ్‌గిరిలో మా పక్కింటి అనసూయమ్మ గారికి రెండు విషయాల్లో ఎవరూ ఎదురు చెప్పడానికి లేదు. ఒకటి సకినాలు, రెండోది ఆవిడ వంటిల్లు. సకినాల సంగతి నేనూ ఒప్పుకుంటాను. మాది ఏలూరు వైపు. బియ్యప్పిండి అంటే జంతికలే అనుకుంటూ పెరిగినదాన్ని, ఆవిడ చేతి సకినం తిన్నాక జంతికల మీద మనసు విరిగింది. వంటిల్లు మాత్రం చూడలేకపోయేదాన్ని. ఏళ్ళ తరబడి నూనె పొగ పట్టి, అరల తలుపులన్నీ తేనె రంగుకు తిరిగి బంకగా ఉండేవి.

కోడలు సుకన్య గుడ్డ పట్టుకుంటే చాలు, "నా తలుపులు ముట్టకు" అని ఆవిడ లాక్కునేది. అత్తలేని కోడలుత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అన్నారు. ఇద్దరూ ఉన్న ఇంట్లో ఆ బిరుదులు ఎవరికీ దక్కవులే అని నవ్వుకునేదాన్ని, అసలు సంగతి తెలిసేదాకా.

ఒకరోజు అనసూయమ్మ గారు నాకిచ్చే టీ కప్పులో కాకుండా పక్కన పోసింది. నేను చూశానని తెలిసి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"టీచరమ్మా, కండ్లు మసకలైనయి. నా కొడుకు సదాశివకు చెప్పకు. మొన్న చెయ్యి కాల్చుకున్ననాడే అన్నడు, ఇంకోపారి గిట్లయితే స్టవ్ కాడికి రానియ్యనని. వంట లేకుంటే నేనేం జెయ్యాలె? మూలకు కూసోని గోడలు సూడాల్నా?"

మరి ఎలా నెట్టుకొస్తున్నారని అడిగాను. నా వేళ్ళు పట్టుకుని తలుపుల మీద పెట్టింది. స్టవ్ పక్క తలుపు వేలికి అంటుకుంటుంది, అందులో ఉప్పూ కారం. దాని పక్కది గరుగ్గా ఉంటుంది, అందులో పిండ్లు. సింకు దగ్గరది నున్నగా ఉంటుంది, అందులో ఫినాయిలూ సబ్బులూ. లోపలి డబ్బాలన్నీ కొడుకు పెళ్ళిలో వచ్చిన ఒకే సెట్టు స్టీలువి, తడిమితే తేడా తెలియదు. ఆ జిడ్డే ఆవిడకు గుర్తు. మా క్రైస్తవ సంఘంలో ఒట్లు పెట్టుకోం, కాబట్టి ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆగి, కంటి డాక్టరుకు చూపించుకోండని పోరేదాన్ని. వినలేదు, మొండిఘటం.

ఈమధ్య ఆవిడ కూతురు రజిత కూతురికి పెళ్ళి కుదిరింది. మేనమామ ఇంటి నుంచి సకినాలు వెళ్ళాలి. కాబోయే వియ్యాలవారితో కలిసి రజిత వాళ్ళు మర్నాడే భోజనానికి వస్తున్నారు. సకినాలు చుట్టడానికి నన్నూ రమ్మన్నారు. నేను వెళ్ళేసరికి అనసూయమ్మ గారు పూజలో ఉంది. వంటింట్లో సుకన్య కింద కూర్చుని తలుపులు తోముతోంది.

గుమ్మంలోనే ఆగిపోయాను.

వేడినీళ్ళ గుడ్డ అద్ది, జిడ్డు మెత్తబడ్డాక చాకలి సోడా, గిన్నెల సబ్బు కలిపిన ముద్ద పూసి, పాత ఏటీఎం కార్డుతో గీకుతోంది. అంచుల్లో బ్రష్షుతో రుద్దుతోంది. తలుపులు అద్దంలా వచ్చాయి. అప్పటికి మిగిలింది సింకు దగ్గరది ఒక్కటే.

"ఇవాళే ఎందుకమ్మా? అత్తగారు ఒప్పుకున్నారా?" అన్నాను.

"ఒప్పుకోదనే ఆమె పూజల కూసున్నంక షురూ జేసిన. రేపు వచ్చేటోళ్ళు ఇవి జూస్తే నన్నే అంటరు టీచరమ్మా, ఆమెను గాదు."

ఆ మాటా నిజమే. కక్కలేక మింగలేక నిలబడ్డాను. సోడా ప్యాకెట్టు చినిగిందని దాన్ని ఖాళీ స్టీలు డబ్బాలో పోసుకుంది సుకన్య. పని అవగానే ఆ డబ్బా తీసుకెళ్ళి సింకు దగ్గర అరలో పెట్టింది. పిండి వంటల పెద్ద స్టవ్ కిందికి దింపి, తడి ఆరని చోటు వదిలి, అత్తగారి పీట సింకు వైపుకు జరిపింది.

అనసూయమ్మ గారు వచ్చి పీట మీద కూర్చుంది. బేసిన్లో తడిపిండి, నువ్వులు, వాము వేళ్ళతో కలిపి చూసింది. ఇక పడాల్సింది ఉప్పు.

"ఉప్పు నేనందిస్తాను" అన్నాను గబగబా.

"వద్దు. ఉప్పు ఒక్కరి చేతితోనే పడాలె."

చెయ్యి వెనక్కి చాచి తలుపు తడిమింది. బొటనవేలు ఆగింది. మళ్ళీ రుద్దింది. పక్క తలుపు, దాని పక్క తలుపు. ఏం జరిగిందో ఆవిడకు అర్థమైంది, కానీ నోరు విప్పి అడిగితే గుట్టు బయటపడుతుంది. హాల్లో కొడుకు నూనె డబ్బా మూత తీస్తున్న చప్పుడు వినబడుతోంది. చివరికి చేతికి దగ్గరగా ఉన్న అర తెరిచి డబ్బా తీసింది. అది సోడా.

దేవుడికి పెట్టకముందు ఆ ఇంట్లో ఎవరూ పిండి రుచి చూడరు. అది పిండిలో పడితే రేపు వియ్యాలవారు నోట్లో పెట్టుకునేదాకా తెలియదు. ఆవిడ గుప్పిట నింపుకుని పైకెత్తింది. నేను మాటిచ్చినదాన్ని. అయినా గట్టిగా అరిచాను.

"ఆగండి, అది ఉప్పు కాదు, సోడా."

గుప్పిట అలాగే ఆగిపోయింది. సదాశివ పరుగున గుమ్మంలోకి వచ్చాడు.

"సోడా గాదమ్మా అది? కనవడ్తలేదా నీకు?"

సుకన్య అత్తగారి కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు కొడుకు వైపు కాక, గుమ్మం పక్కన గోడ వైపు తిరిగి ఉన్నాయి. తర్వాత తను తోమిన తలుపుల మీద అత్తగారి పిండివేళ్ళ మరకలు చూసింది. తెలివైన పిల్ల, ఆమెకు అర్థమవుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు ఒక్క మాట అంటే వంటిల్లు ఆమెదవుతుంది.

"నేనే డబ్బాలు అటిటు జేసిన" అంది సుకన్య. "జాగలన్నీ మార్చి ఆమెకు చెప్పలే. అత్తమ్మకేం తెలుస్తది?"

"పండుగ లెక్కున్న ఇంట్ల ఇయ్యాలనే దొరికిందా నీకు? బుద్ధుందా?" సదాశివ నా ముందే ఆమెను చెడామడా తిట్టాడు. తల వంచుకుని అన్నీ పడింది. అతను విసురుగా హాల్లోకి వెళ్ళిపోయాడు.

అత్తగారి చెయ్యి కడిగి, ఉప్పు డబ్బా ఆ చేతిలో పెట్టింది సుకన్య. గుడ్డ మీద సకినాలు చుట్టాం. ఆవిడ వేళ్ళు వాటి పని అవి చేసుకుపోయాయి.

సకినాలు ఆరాయి. మూకుడు పెట్టారు, నూనె పోశారు. అనసూయమ్మ గారు లైటరు అందుకుంది. స్టవ్ మీదికి వంగి, మూకుడు కిందికి లైటరు పెట్టబోయి ఆగింది. తర్వాత లైటరు కోడలి చేతిలో పెట్టి, హాల్లో ఉన్న కొడుక్కి వినబడేంత గట్టిగా అంది.

"నువ్వే ముట్టియ్యి సుకన్యా. నాకు కనవడ్తలేదు."