యాల్మార్ బాబాయ్ హాకీ కర్ర

యాల్మార్ బాబాయ్ కరెంటు పెట్టెను కళ్ళతో కాదు, చెవితో చూస్తాడు. కెనడాలో విన్నిపెగ్ సరస్సు ఒడ్డునున్న ఆ ఊళ్ళో ఎవరింటి పెట్టె తుమ్మినా, విరిగిన హాకీ కర్ర చంకన పెట్టుకుని దిగిపోతాడు. కర్రకి ఒక కొన పెట్టె మూత మీద, రెండో కొన చెవి దగ్గర. ఆ కాసేపూ ఇంట్లో ఎవరూ ఊపిరి పీల్చకూడదు. ఒక ఇంట్లో గడియారం అడ్డొస్తోందని దాన్ని పెరట్లో మంచులో పాతిపెట్టించాడు. వసంతంలో తవ్వి తీస్తే సరైన టైమే చూపించిందట. చెప్పింది ఆయనే.

ఇంకో అలవాటు కాఫీ. "పది చుక్కలు చాలమ్మాయ్," అంటాడు. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య బిగించి, ఆ పది చుక్కలూ కెటిల్ అడుగు కనబడేదాకా తాగుతాడు.

ఆ జనవరిలో మంచు తుపాను. సున్నాకి ముప్ఫై ఎనిమిది డిగ్రీలు కింద. రూనా ఇంట్లో హీటరు మొదలైనప్పుడల్లా నేలమాళిగలోని కరెంటు పెట్టె గుర్రుమంటోంది. పైగదిలో పురిటికొచ్చిన ఆమె కూతురూ, ఆ కూతురి పన్నెండు రోజుల పసిబిడ్డా. హీటరు ఆపితే బిడ్డ గడ్డకట్టుకుపోతుంది, ఆపకపోతే ఇల్లు అంటుకుంటుంది. పట్నం వెళ్ళే హైవే మూసేశారు.

"తుమ్మెదలా ఉందా, పెనం మీద బేకన్ మాంసం చిటపటా వేగినట్టుందా?" ఫోన్లో అడిగాడు బాబాయ్.

"నాకేం తెలుసు? భయంగా ఉంది, రా!"

కనురెప్పల మీద మంచుతో వచ్చాడు. కర్ర ఆనించాడు. "వెయ్యి హీటరు. ష్! నీ గుండె చప్పుడు తగ్గించు, అడ్డొస్తోంది."

"ఎలా తగ్గించను బాబాయ్?"

"టక్కుమని ఆగితే మామూలే. సన్నగా గుంయిమన్నా పరవాలేదు. ఇదీ..." ముఖంలో నవ్వు పోయింది. "బేకన్. ఆపెయ్ మెయిన్!"

ఇల్లంతా చీకటి. టార్చి వెలుగులో మూత విప్పితే కాలిన వాసన గుప్పుమంది. తీగను పట్టి ఉంచే స్క్రూ వదులై, హీటరు బ్రేకరు ఒకవైపు నల్లగా మాడిపోయింది.

"కొత్తది దొరకదా?" అంది రూనా.

"పట్నంలో." పైన బిడ్డ ఏడ్చింది. బాబాయ్ మెట్లవైపు చూశాడు. "ఆగు. మా ఇంట్లో డ్రాయరులో ఒకటి పడుంది."

గంటైంది. గోడ మీది థర్మామీటరు ఇరవై ఒకటి నుంచి పదహారుకి దిగింది. తల్లీబిడ్డల మీద కప్పడానికి ఇంట్లో దుప్పటి మిగల్లేదు. అప్పుడొచ్చాడు.

"డ్రాయరు వెతకడానికి గంటా?"

"పెద్ద డ్రాయరు."

మాడిన చోటు వదిలేసి, పెట్టెలోనే ఖాళీగా ఉన్న కొత్త చోట బ్రేకరు దించి, స్క్రూలు బిగించి, కర్ర చెవికి పెట్టాడు. "వెయ్యి."

టక్. అంతే. అందరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడు పైన బిడ్డ తుమ్మింది.

"అది నా పెట్టెది కాదు," అన్నాడు.

రూనా ఏడుస్తూ నవ్వింది. "ఇక వెళ్ళి పడుకో బాబాయ్."

"అప్పుడేనా? కొత్త చోటు, నమ్మలేం. వందసార్లు మొదలవడం వినాలి. పది చుక్కలున్నాయా?"

రెండు రోజులు పెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాఫీ అయిపోయింది, పొరలు పొరల ఎండుపళ్ళ కేకూ అయిపోవచ్చింది. "కేకు ఉన్నంతకాలం ఆ పెట్టెకి జబ్బు తగ్గదు," అంది రూనా కూతురితో.

గాలి తగ్గాక, కనీసం ఆయన గుమ్మం ముందు మంచైనా ఎత్తిపోద్దామని వెళ్ళి, అక్కడ గోడకి ఆనించి ఉన్న ఆయన పార అందుకుంది రూనా. తలుపుకి తాళం లేదు. లోపల తన ఊపిరే పొగలా కనిపించింది. బల్ల మీద గ్లాసులో నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. గొట్టాలు పగలకుండా నీళ్ళన్నీ వదిలేసి, పంపులు తెరిచి పెట్టాడు. గోడకున్న కరెంటు పెట్టెలో, హీటరు బ్రేకరు ఉండాల్సిన చోట ఖాళీ.

పెద్ద డ్రాయరే.

ఆమె ఆ పారతోనే తిరిగొచ్చేసరికి బాబాయ్ కోటు తొడుక్కుంటున్నాడు. "వందా అయ్యాయమ్మాయ్. వెళ్ళొస్తా."

"ఎక్కడికి? పెట్టె మళ్ళీ అరిచింది."

"ఎలా?"

"బేకన్."

కర్ర ఆనించి చాలాసేపు విన్నాడు. పెట్టె చల్లగా, బుద్ధిగా ఉంది. ఆయన చూపు రూనా బూట్ల మీదికీ, చేతిలోని తన ఇంటి పార మీదికీ వెళ్ళింది.

"నిజమే," అన్నాడు గంభీరంగా. "చాలా ప్రమాదం. హైవే తెరిచి, కొత్త బ్రేకరు వచ్చేదాకా నేను కదలకూడదు."

"పది చుక్కలు పొయ్యనా?"

కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. "పదకొండు."