సాయంత్రం దాకా కదలని మనిషి

పోయిన వారం మా పెద్ద యారాలు కన్నుమూసింది. మా ఆయన అన్నగారి భార్య. నాకు మాత్రం అక్క. పలకరింపుకు వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: "పాపం, నోట్లె నాలుక లేని మనిషి." వింటుంటే ఒళ్ళు మండిపోయింది. అక్క అలాంటి మనిషే అయితే, ఇది రాయడానికి నేను బతికి ఉండేదాన్నా?

డెబ్బైల నాటి సంగతి. కొత్తగా కాపురానికి వచ్చాను. వరంగల్ బజారులో అత్తవారి బట్టల కొట్టు, ఇంటినిండా జనం. ఆ చలికాలం నాకు జ్వరం పట్టుకుంది. పొద్దున ఉండేది కాదు. పొద్దుగూకితే వణుకు, రాత్రికి చెమటలు. సరిగ్గా పొయ్యి ముట్టించే వేళకు వస్తుంది కదా, మా అత్తకు అదే దొరికింది.

"అన్నం వండే యాళ్లకే జ్వరమొస్తదా? అన్నీ నఖరాలు!"

దవాఖానలో చూసేది పొద్దున పూటే. డాక్టరు చెయ్యి పట్టుకుని, "జ్వరమేదమ్మా?" అని ఏదో సూదిమందు రాసేవాడు. మందులు మారాయి, నేను సగమైపోయాను. చివరికి అత్త తేల్చేసింది: "తల్లిగారింటికి డోర్నకల్ బండెక్కియ్యుండ్రి. ఆళ్ళ బిడ్డను ఆళ్ళే చూసుకుంటరు." మా ఆయన నేల చూపులు చూశాడు. నోట్లో నాలుక లేనిది ఎవరికో చెప్పండి ఇప్పుడు!

మర్నాడు అక్క నన్ను రిక్షా ఎక్కించింది. స్టేషనుకే అనుకున్నాను. దవాఖాన ముందు దింపింది. డాక్టరు మళ్ళీ అదే మాట అన్నాడు.

"ఇప్పుడు ఉండది సార్. సాయంత్రం వస్తది. అప్పటిదాక ఈడ్నే కూసుంటం."

"సాయంత్రం నేనుండనమ్మా."

"ఉన్నోళ్ళకు చూపిస్త. ఇంట్ల నాటకమంటాండ్రు. మీరు గూడ గట్లనే అంటె పిల్ల పానం పోతది."

వార్డుబాయ్ లేవమంటే అక్క గొంతెత్తి అరిచింది. వరండా అంతా మావైపే చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం కదిలితే ఒట్టు.

పొద్దు వాలేసరికి నా పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ థర్మామీటరు చూసి అప్పటికప్పుడు చేర్చుకుంది. మందులన్నీ ఆపించింది. "ఏందో తెల్వకుండ మందులు పోసుకుంట పోతే అసలు రోగం దాక్కుంటదమ్మా," అంది. రోజూ తల నుంచి కాళ్ళదాకా కొత్తగా చూసేది. ఒకనాడు మెడ పక్కన చిక్కుడుగింజంత గడ్డ ఆమె వేలికి తగిలింది. ముక్క తీసి పరీక్షకు పంపితే క్షయ అని తేలింది. దగ్గు లేదు, కఫం లేదు, ఎవరికి తడుతుందీ అన్నారు అందరూ. వెతికితే కదా తట్టేది!

ఇంటికొచ్చాక అత్త నాకు కంచం వేరు పెట్టింది. ఇది అంటుకునే రకం కాదని డాక్టరమ్మ చెప్పినా వినలేదు. అక్క నా పక్కన కూర్చుని నా కంచంలోనే తిన్నది. ఏడాదిన్నర ఒక్క పూట తప్పకుండా మందు మింగించింది.

మందు మొదలైన కొన్నాళ్ళకు ఒక సాయంత్రం వణుకు రాలేదు. ఇక వంక లేదు కదా అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళాను. అక్క నా చేతిలో గంటె లాక్కుంది.

"జ్వరం తగ్గంగనే పనిల పడాల్నా? పోయి కూసో. జర గాలి తగలనియ్యి."

"అత్త చూస్తాంది అక్కా."

"చూడనియ్యి!"

అరుగు మీద కూర్చున్నాను. బజారులో ఒక్కో దీపమే వెలుగుతోంది. ఒళ్ళు చల్లగా ఉంది. లోపల అక్క ఇంకా అత్త మీద అరుస్తూనే ఉంది.