ఎర్త్ కడ్డీకి పోసిన నీళ్ళు

మా చిన్నప్పుడు ఇంట్లో బల్బుకు నీళ్ళు పోసేవాళ్ళం... నవ్వకండి, నిజమే చెబుతున్నా.

బోధన్ దగ్గర చెరుకు తోటల మధ్య మా ఊరు. ఇంటి వెనక, గిన్నెలు తోమే జాలారి బండ పక్కన ఒక ఇనప కడ్డీ భూమిలోకి దిగ్గొట్టి ఉండేది. దానికో తీగ చుట్టి ఉండేది. అదే ఎర్త్. పొద్దు గూకే వేళ బల్బు గుడ్డిగా వెలిగితే మా అవ్వ నా చేతికి చెంబిచ్చి పంపేది. అవ్వంటే మా అమ్మే... మా వైపు అలాగే పిలుస్తాం. కడ్డీ మొదట్లో నీళ్ళు పోయగానే లోపల బల్బు కాస్త తెల్లబడేది. నేనే వెలిగించినట్టు ఎంత మురిసిపోయేదాన్నో!

అసలు సంగతి పెద్దయ్యాక అర్థమైంది. మీటరు దగ్గర ఒక తీగ విప్పి, దాని బదులు భూమికి కలిపేవాళ్ళు. బల్బు వెలుగుతుంది, మీటరు చక్రం మాత్రం తిరగదు. దొంగ కరెంటన్నమాట... చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మా గల్లీలో కడ్డీ లేని ఇల్లు ఒక్కటీ లేదు. తడి ఆరకూడదని అందరూ జాలారి పక్కనే పాతుకున్నారు.

నెలకోసారి బిల్లు రాసేటాయన వచ్చేవాడు. ఆయన గల్లీ మొదట్లో కనబడగానే గోడల మీదుగా కబురు పాకేది... "చుట్టమొచ్చిండు" అని. ఇక ఇంటింటా పరుగులే. మా ఇంట్లో బాపు, అంటే మా నాన్న, మీటరు దగ్గరికి; అవ్వ కడ్డీ దగ్గరికి. అవ్వ తీగ పీకి, చుట్ట చుట్టి, బోర్లించిన గంప కింద దాచేది. నాకూ ఒక పని ఉండేది. అందరికంటే ముందు ఇంట్లో స్విచ్చులన్నీ బంద్ చేయాలి. స్విచ్చి వేసి ఉండగా తీగ పీకితే ప్రాణానికే ప్రమాదమని బాపు నాకు వందసార్లు చెప్పి ఉంటాడు.

ఆ రోజు పొద్దున కరెంటు లేదు. ఆ రోజుల్లో కోత మామూలే. కరెంటు వచ్చింది లేనిది తెలియాలని బల్బు స్విచ్చి వేసే ఉంచేదాన్ని. మీ ఇళ్ళల్లోనూ అంతే కదా... నేను అరుగు మీద గచ్చకాయలు ఆడుకుంటున్నాను. నా వయసు తొమ్మిదేళ్ళు.

చుట్టం కబురు వచ్చింది. అవ్వ గిన్నెలు వదిలేసి, తడి చేతులతోనే లేచింది.

"స్విచ్చి బంద్ జేసినవా బిడ్డా?"

"ఆ... జేసిన."

చేయలేదు. ఆట మంచి పట్టులో ఉంది. కరెంటే లేదు కదా, స్విచ్చిదేముందిలే అనుకున్నాను. అంతే... అంతకంటే పెద్ద కారణం ఏమీ లేదు.

కాసేపటికి పక్కింట్లో రేడియో మోగింది. గల్లీ పిల్లలంతా "కరెంటొచ్చింది" అని కేక పెట్టారు. నేనూ పెట్టాను. తీరా చూస్తే మా బల్బు వెలగలేదు. ఎర్త్ ఎండిపోయిందేమో అనుకుని, అలవాటు ప్రకారం చెంబులో నీళ్ళు ముంచుకుని పెరట్లోకి వెళ్ళాను.

అవ్వ జాలారి బండ మీద వెల్లకిలా పడి ఉంది. తీగ పిడికిట్లోనే ఉంది.

ఆ తర్వాతది ముక్కలు ముక్కలుగా గుర్తుంది. నేను అరిచాను. మీటరు పెట్టె దగ్గరున్న బాపు పెరట్లోకి తొంగిచూసి, మళ్ళీ ఇంట్లోకి ఉరికాడు. ఆ తర్వాతే వచ్చి అవ్వను ఎత్తుకున్నాడు. బిల్లు రాసేటాయన పుస్తకం పట్టుకుని వాకిట్లో నిలబడిపోయాడు. ఏమీ రాయకుండానే వెళ్ళిపోయాడు పాపం. అవ్వ మాత్రం కళ్ళు తెరవలేదు.

బండ మీద కాలు జారి పడ్డదని బాపు అందరికీ చెప్పాడు. గల్లీలో నమ్మినవాళ్ళు లేరు, కాదన్నవాళ్ళూ లేరు. కొన్నాళ్ళు అందరి కడ్డీలూ మాయమయ్యాయి. ఎండాకాలం వచ్చేసరికి మళ్ళీ మొలిచాయి. మా ఇంట్లో మాత్రం బాపు కడ్డీ పీకేసి, ఆ గుంత రాళ్ళేసి పూడ్చేశాడు.

దొంగ కరెంటని ఎక్కడ కేసవుతుందో అన్న భయంతోనే బాపు ఆ అబద్ధం చెప్పాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నా అబద్ధం సంగతి నాకొక్కదానికే తెలుసనీ అనుకున్నాను. పెళ్ళయి నిజామాబాద్ వచ్చినా, ఇద్దరు పిల్లల తల్లినైనా, స్విచ్చి మీద చెయ్యి వేసిన ప్రతిసారీ అదే గుర్తొచ్చేది.

బాపు ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. మొన్న మీటరు చూసే అబ్బాయి చీటీ ఇచ్చి పోయాడు. తక్కువ వాడే ఇళ్ళకు ఇప్పుడు బిల్లు సున్నా కదా... బాపు ఆ చీటీని ఎండలో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన్ను అలా చూసేసరికి నాకిక ఆగలేదు. పక్కన కూర్చుని చెప్పేశాను.

"బాపు, ఆనాడు నేను స్విచ్చి బంద్ జేయలే. అవ్వకు అబద్ధం జెప్పిన."

బాపు చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు ఎర్కనే బిడ్డా. నువ్వు అవ్వకు 'జేసిన' అన్నది గూడ ఇన్న. నువ్వు ఒర్లినంక ఇంట్లకు ఉరికి గా స్విచ్చి బంద్ జేసింది నేనే గద."

నేను ఆయన ఒళ్ళో తల పెట్టుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇప్పుడు కరెంటు పోవడమే తక్కువ. పోయి వచ్చినా ఎవరూ కేక పెట్టరు... మా పిల్లలకు ఎర్త్ కడ్డీ అంటే ఏమిటో కూడా తెలియదు. తెలియకపోవడమే మేలు. మీ పెరట్లోనూ అలాంటి కడ్డీ ఉండేదా? దానికి నీళ్ళు పోసిన చేతులు మీవే అయితే, ఇక్కడ రెండు మాటలు రాసి పోండి... నేనొక్కదాన్నే కాదని అనిపిస్తుంది.