ఢిల్లీదా నల్లగుడ్డ

ఢిల్లీశ్వరరావుకి కడుపుమంట మొదలైంది ఒక అల్యూమినియం కాగితం వల్ల. హౌరా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, ఇరవై రెండేళ్లుగా భవానీపూర్‌లోని ఒక పరిశోధనశాలలో అటెండరుగా చేస్తూ, అందరిచేతా ఢిల్లీదా, అంటే అక్కడి మాటలో ఢిల్లీ అన్నయ్య, అనిపించుకునే పెద్దమనిషికి కాగితం ముక్క మీద ఏడుపేమిటంటారా, చెప్తాను.

విశాఖ నుంచి హౌరాకి రైల్లో ఉప్పునీళ్ల డబ్బాలు వస్తాయి. వాటిలో సీ అర్చిన్లుంటాయి, ఒళ్లంతా ముళ్లున్న సముద్రపు జీవులు. వాటి శుక్రకణాలు ఎంత ప్రాణవాయువు పీలుస్తాయో ఆ పరిశోధనశాలలో లక్ష్మీసౌజన్య మేడమ్ కొలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ కలిపితే చీకట్లో వాటి ఊపిరి పడిపోతుంది, వెలుతురు తగలగానే మళ్లీ పుంజుకుంటుంది. అందులో చీకటి ఢిల్లీదాది. రెండు సీసాల్లో ఒకదానికి నల్లగుడ్డ రెండు వరసలు చుట్టి, మెడ పైన ముడేసేవాడు. ఆ గుడ్డని ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

ఈ ఏడు వరంగల్ నుంచి పరిశోధనకి మౌక్తిక వచ్చింది. గుడ్డెందుకని అల్యూమినియం కాగితం చుట్టింది. "ఎంత నీటుగా ఉందో," అంది మేడమ్. ఇన్నేళ్లలో తన ముడిని ఆవిడ ఒక్కసారైనా మెచ్చుకుందా? ఢిల్లీదాకి ఒళ్లు మండిపోయింది.

కాగితం సీసా మెడని కప్పలేదని, పైనుంచి వెలుతురు దిగుతోందని మొదటిరోజే చూశాడు. నోరు మెదపలేదు. చీకటి సీసా లెక్కా వెలుతురు సీసా లెక్కా ఒకేలా వస్తుంటే, మూడురోజులు లోలోపల పండగ చేసుకున్నాడు.

నాలుగోరోజు మేడమ్ నోటుబుక్కు మూసేసింది. "చీకట్లోనూ ఊపిరి తగ్గట్లేదు. గుడ్డ కింద సీసా వేడెక్కి మన పాత లెక్కలే తప్పాయేమో. వాటన్నిటినీ పక్కన పెట్టేద్దాం."

పక్కన పెట్టేది అతని ఇరవై రెండేళ్లని.

"గుడ్డ తప్పు నేదు మేడమ్. కాగితమే మెడ కప్పనేదు," అన్నాడు.

"ఎప్పుడు చూశారు?"

అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. "మొదటిరోజే."

మేడమ్ డబ్బాలోకి చూసింది. ఈ కాలానికి అదే ఆఖరి డబ్బా. ఆ మూడురోజుల్లో వృథా అయినవి పోగా మిగిలినవి రెండే జీవులు.

మౌక్తిక తిట్టినా బాగుండేది. "ఎట్ల కట్టాల్నో చూపిస్తరా ఢిల్లీదా?" అని అడిగింది. అతను సొరుగులోంచి గుడ్డ తీసి ఇచ్చాడు. "ఉతక్కమ్మా. నలుపు దిగిపోద్ది."

ఆమె రెండు వరసలు చుట్టి, మెడ పైన ముడేసింది. ఈసారి చీకటి సీసా లెక్క పడిపోయింది. అతని పాత లెక్కలన్నీ నిలబడ్డాయి. అయినా ఢిల్లీదా ఆ ముడిలో తప్పు దొరుకుతుందేమోనని రెండుసార్లు తడిమి చూశాడు. దొరకలేదు.